వయసు గడి పక్కన ఇంకో గడి

మొన్న కొంపల్లిలో రక్తపరీక్షకు వెళ్లాను. అక్కడి అమ్మాయి మోచేతి మడతలో స్పిరిట్ దూది రుద్దగానే ఆ ఘాటు ముక్కుకు తగిలి కామేశ్వరి మేడం గుర్తొచ్చారు. రెండు వేల తొలి ఏళ్లలో, శామీర్‌పేట దగ్గర ఒక పరిశోధనశాలలో ఆవిడ చేతికింద పనిచేశాను. గుంటూరు వైపు నుంచి వచ్చి పేట్ బషీరాబాద్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి. నేను కుత్బుల్లాపూర్ పిల్లను, స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేశానన్న పొగరు దండిగా ఉండేది. తొంభై దాటి బతికేవాళ్ల జన్యువుల్లో ఏమైనా తేడా ఉందా అన్నది మా ప్రశ్న. మా సిబ్బంది మేడ్చల్ చుట్టుపక్కల ఊళ్లలో ముసలివాళ్ల రక్తం తీసుకుని, వయసు రాసుకొచ్చేవాళ్లు. ఆ అంకెలతో కుస్తీ పట్టడం నా వంతు.

ఒక మధ్యాహ్నం తేడా దొరికింది. ఒక జన్యువు తాలూకు ఒక రూపం అరవై ఏళ్లవాళ్లలో కంటే తొంభై దాటినవాళ్లలో చాలా ఎక్కువగా ఉంది. నా పీహెచ్‌డీ మొత్తం ఆ ఒక్క కాగితం మీద నిలబడబోతోంది. నాకు కాలు నేల మీద నిలవలేదు. మేడం మాత్రం పొగడలేదు. వయసుల జాబితా తెమ్మని, ఒక్కో పేరు మీదా వేలు పెట్టి చదివారు.

"తొంభై, తొంభై, తొంభై అయిదు, తొంభై. తొంభై ఒకటివాళ్లు ఒక్కరూ లేరేమ్మా?"

"రేషన్ కార్డు చూసే రాసుకొచ్చారు మేడం."

"కార్డులో ఎవరు రాశారు?"

నా అదృష్టం చూసి ఈవిడకు కుళ్లు అనుకున్నాను. అంత చిన్న బుద్ధి నాది.

మర్నాడు జీపులో శామీర్‌పేట చెరువు అవతలి ఊరికి తీసుకెళ్లారు. జాబితాలో మొదటి పేరు ఎల్లవ్వ, తొంభై ఏళ్లు. నెత్తిన గడ్డిమోపుతో ఎదురొచ్చింది. మేడం నావైపు ఓరగా చూసి, నువ్వే అడుగు అన్నట్టు సైగ చేశారు.

"అవ్వా, నీ పెద్దకొడుకు ఎప్పుడు పుట్టిండు?"

"రజాకార్ల గడబిడల కడుపుల ఉన్నడు బిడ్డా. వాన్ని మోసుకుంటనే గుట్టల పొంట ఉరికిన."

"అప్పటికి లగ్గమై ఎన్నేండ్లు?"

"పెద్దమనిషినైన ఏడాదే లగ్గం జేసిండ్రు. ఇగ మూడేండ్లకు వీడు."

రజాకార్ల నాటికి పదహారో పదిహేడో అనుకుని వేళ్ల మీద లెక్కేశాను. డెబ్బై రెండో మూడో.

"మరి కార్డుల గంత ఎక్కువున్నదేందవ్వా?"

"పదేండ్ల కింద కార్డు రాసినప్పుడు నాకు పింఛన్ వయసు రాలే. జెర పెంచితే నమ్మరని ఎనభై రాయించిండ్రు. మా వాడకట్టంతా గంతే. పింఛన్ మాత్రం బంద్ చేయించకు బిడ్డా."

"ఎవరికీ చెప్పమవ్వా," అన్నారు మేడం.

ఆ వాడకట్టంతా ఒకే వంశం, మా జాబితాలో తొంభై ఏళ్లవాళ్లు చాలామంది అక్కడివాళ్లే. ఆ జన్యు రూపం వాళ్లలో అరవై ఏళ్లవాళ్లలోనూ ఎక్కువేనని నా కాగితాల్లోనే ఉంది. నేను ఆయుష్షు రహస్యం అనుకున్నది వాళ్ల చుట్టరికం. తిరిగొస్తూ జీపులో ఏడ్చాను. ఏడుస్తూనే నోరు జారాను.

"కార్డు ప్రకారమే ఉంచేద్దాం మేడం. ఎవరికి తెలుస్తుంది?"

"ఎల్లవ్వకు తెలుసు," అన్నారు ఆవిడ. జీపు దిగుతూ, "ఫారం తయారుచేసింది నేను, తప్పు నాది. రేపటి నుంచి అన్ని ఇళ్లూ మళ్లీ తిరుగుదాం," అన్నారు.

కొత్త ఫారంలో వయసు గడి పక్కన ఇంకో గడి గీశారు. దాని మీద 'ఎలా తెలిసింది?' అని రాశారు. ఎండాకాలమంతా తిరిగాం. మేడం మోకాళ్ల నొప్పితో గడప గడపకూ ఆగి ఊపిరి తీసుకునేవారు గానీ, ఒక్క ఇల్లూ వదల్లేదు. ఎవరి పెళ్లి ముందు, ఎవరి కానుపు తర్వాత అని అడిగి అడిగి ఒక్కో వయసూ సరిచేశాం. మళ్లీ లెక్క వేస్తే తేడా మాయమైంది. మేడం నివేదికలో ఆ మాటే రాశారు. నా పీహెచ్‌డీ రెండేళ్లు వెనక్కి పోయింది. ఆవిడ మీద కోపం చాలాకాలం ఉండేది. అది పోయి, ఆవిడ లేని లోటు మిగిలింది.

రక్తం తీశాక ఆ అమ్మాయి నన్ను అడగకుండానే, నా ముఖం చూసి వయసు గడిలో యాభై అని రాసేసింది.

"యాభై కాదమ్మా, నలభై ఎనిమిది."

"రెండేండ్లకు ఏమైతది మేడం?" అంది నవ్వుతూ.

దూది అదిమిపట్టుకుని, ఆమె అది కొట్టేసి సరిగ్గా రాసేదాకా అక్కడే నిలబడ్డాను.