చెట్టు నీడా, లెన్సు హుడ్డా

"ఇది కూడా కాదు. పూరేకుల్లా ఎంత ముద్దుగా ఉందో చూడండి టీచరుగారూ! ముద్దుగా ఉంటే సరిపోద్దా? మర బిగించాక ఎక్కడ ఆగాలో దానికి తెలియద్దూ?"

ప్రమీలారాణి ఆ ప్లాస్టిక్ హుడ్డుని లెన్సు ముందు చివరంటా తిప్పి చూపించింది. పైనా కిందా నిలవాల్సిన పొడుగు రేకులు వంకరగా వచ్చి మూలలకి అడ్డంగా ఆగాయి. విసుగ్గా ఊడదీసి బల్ల మీద పెట్టింది.

ఎదురుగా టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నావిడ జ్ఞానప్రసూన. నూజివీడు బళ్ళో సైన్సు చెబుతుంది. ఉండేది తోటలకి ఆవలి ఊళ్ళో. పిట్టల్ని ఫోటోలు తీద్దామని కెమెరా కొనుక్కున్న దగ్గర్నుంచి, బడి వదిలాక బస్టాండు వెనక సందులోని ఈ ప్రమీలారాణి స్టూడియోలో కాసేపు కూర్చుని, ఆ తర్వాతే స్కూటీ ఎక్కడం అలవాటు చేసుకుంది.

"అసలు హుడ్డు లేకపోతే ఏమవుద్ది రాణీ?"

"ఎండ కళ్ళల్లో పడకుండా మనం నుదురు మీద చెయ్యి పెట్టుకుంటామా? ఇదీ అంతే. పైగా నాది పాత లెన్సు. ఆకుల సందుల్లోంచి ఓ ఎండముక్క పడిందంటే చాలు, ఫోటో అంతా మజ్జిగ నీళ్ళలా తెల్లబోద్ది."

ఆ లెన్సంటే ప్రమీలారాణికి ప్రాణం. విజయవాడలో మూసేస్తున్న ఒక స్టూడియో సామాన్లలో దొరికింది. ఇనప ముద్దలా బరువు. ఫోకసు చేత్తో తిప్పుకోవాల్సిందే. అయితేనేం, నాలుగడుగులు వెనక్కి వేస్తే తోటలో జట్టు మొత్తం అందులో పట్టేస్తుంది. నూజివీడు చుట్టుపక్కల తోటలవాళ్ళు ఆవిడ కోసం కబురు పంపేది అందుకే. బంగినపల్లి కోత ముగిసిన రోజు, ఆఖరి లోడు లారీకెక్కాక, కాయ దించినవాళ్ళూ, ఏరినవాళ్ళూ, గంపలు మోసినవాళ్ళూ అందరూ వరసగా నిలబడితే ఫోటో తీయించడం ఇక్కడి ఆనవాయితీ. తోట కౌలుకి తీసుకున్నవాడు తలా ఒక కాపీ ఇస్తాడు. ఏడాదంతా ఆ ఫోటో గోడ మీద ఉంటుంది.

ఈ ఏడు జోజిబాబు కౌలుకి చేసే తోటలోనూ అలాగే తీసింది. తీసేముందు పరదేశి చేతిలోని, కాయలు దించే చిక్కం కర్ర మధ్యలో నిటారుగా లేచి వెనక వాళ్ళ మొహాలకి అడ్డమొచ్చింది. ఆయన ఆ జట్టులో అందరికంటే పెద్ద. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, వచ్చే ఏడు చెట్టెక్కనని ముందే చెప్పేశాడు.

"బాబాయ్, నువ్వా చివరికి జరుగు" అంది ప్రమీలారాణి.

"అంత చివరికా? నేను పడతానంటావా అమ్మాయ్?"

"నాది వైడ్ లెన్సు బాబాయ్! నువ్వు పొలిమేరలో నిలబడ్డా పడతావు."

జట్టంతా నవ్వింది. పరదేశి కూడా నవ్వుతూనే చివరికి జరిగాడు.

లెన్సుకి ఆవేళ తగిలించింది మామూలు లెన్సుకి వాడే పొడుగాటి రబ్బరు హుడ్డు. మర సరిపోయింది కదా అని తగిలించేసింది. ఫోకసు చూసుకుంటున్నప్పుడు మూలల్లో పల్చటి మసక కనిపించకపోలేదు. కానీ మామిడి తోటలో మసక లేని మూలంటూ ఉంటుందా? చెట్టు నీడలే అనుకుంది. ఆ తర్వాత అందరూ స్పష్టంగా రావాలని, లెన్సు లోపల వెలుతురొచ్చే కన్ను కుదించి బటన్ నొక్కింది. అలా కుదించినప్పుడు మసక గట్టిపడి నలుపవుతుందని ఆవిడకి తెలియక కాదు. కెమెరా వెనక స్క్రీను మీద ఎండ పడుతోంది, అవతల లారీవాడు హారన్ కొడుతున్నాడు. చూడలేదు.

ప్రింట్లు లామినేషన్ చేయించి, పంచే రోజున గానీ సరిగ్గా చూడలేదు. నాలుగు మూలలూ కత్తిరించినట్టు నల్లగా ఉన్నాయి. పరదేశి ఉండాల్సిన చోట కర్ర పట్టుకున్న చెయ్యి ఒక్కటే ఉంది.

ఆయన ఫోటోని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పెట్టుకుని చూశాడు. "చెట్టు నీడ పడ్డట్టుందమ్మా" అన్నాడు చివరికి, ఆవిడ మొహం చూసి.

"అవును బాబాయ్, నీడే" అంది ప్రమీలారాణి.

ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకి ఇప్పటికీ అర్థం కావడం లేదు. అన్నం ముందు కూర్చున్నా అదే గుర్తొస్తోంది. అందుకే ఇంట్లో ఉన్నవీ, పాత సామాన్ల దుకాణం నుంచి తెప్పించినవీ ముందేసుకుని, తెల్ల గోడకి కెమెరా గురిపెట్టి, ఒక్కొక్క హుడ్డూ మార్చి మూలలు చూసుకుంటోంది. ఎందుకని అడిగితే టీచరుగారికి సరిగ్గా చెప్పలేదు.

"అక్కా, ఉన్నావా?"

గుమ్మంలో మౌనిక. పరదేశి కోడలు. వెనక ఆటో ఆగకుండా గురగురమంటోంది.

"మావయ్యది పాస్‌పోర్టు ఫోటో నీ కంప్యూటర్లో ఉంటది కదక్కా? బ్యాంకుకని తీయించాం. ఒకటి ప్రింటు తీసి ఉంచు, రేపు పట్టుకెళ్తా."

"ఇప్పుడెందుకే?"

"ఎందుకేంటి, గోడ మీద ఫోటో ఉందిగా! ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ నలుపు మీద వేలు పెట్టి 'ఇదిగో, ఇక్కడున్నా' అంటాడు. పిల్లలు 'ఏడీ, ఏడీ' అని ఆటపట్టిస్తున్నారు. అందుకని ఆ మూల మీద పాస్‌పోర్టు ఫోటో అంటించుకుంటాడంట!" మౌనిక పకపకా నవ్వింది. "చెట్టు నీడకి నువ్వు మాత్రం ఏం చేస్తావులే అక్కా. వస్తా, ఆటో పోద్ది."

ప్రమీలారాణి నోరు తెరిచింది. ఆటో కదిలిపోయింది. నోరు మూసుకుంది.

జ్ఞానప్రసూన టీ గ్లాసు కింద పెట్టింది. బల్ల మీది హుడ్లనీ ఆవిడనీ మార్చి మార్చి చూసింది. "చెట్టు నీడ కాదన్నమాట" అంది మెల్లగా.

"కాదు."

ప్రమీలారాణి మళ్ళీ బల్ల వైపు తిరిగింది. బల్ల మీద ఇంకా రెండు మిగిలాయి. రెండూ గుండ్రటి ఇనప హుడ్లే, గరాటులా ముందుకి వెడల్పవుతాయి. ఒకటి లోతు, రెండోది చిటికెన వేలి గణుపంత పొట్టి. ముందుగా లెన్సు మీద ఉన్న అద్దం ఫిల్టర్ విప్పేసింది ప్రమీలారాణి. దాని మందంతో కూడా హుడ్డు ముందుకి జరుగుతుంది మరి. లోతుదాన్ని బిగించి, కన్ను కుదించి, గోడని ఫోటో తీసింది. కంప్యూటర్లో పెంచి చూస్తే మూలల్లో సన్నగా, పొగ పట్టినట్టు ఉంది.

"ఇది బాగానే ఉందిగా రాణీ. ఎండ కూడా బాగా ఆపుద్ది. ఆ కాస్త నలుపు ఎవరు చూస్తారు?"

"ఆ కాస్త దగ్గరే కదండీ పరదేశి బాబాయ్ నిలబడేది."

పొట్టిదాన్ని బిగించింది. మూలలు గోడంత తెల్లగా వచ్చాయి. దీపం పక్కకి జరిపి లెన్సు మీదికి తిప్పితే మాత్రం మధ్యలో వెలుగు మరక పడింది. ఎంత తిప్పినా పోలేదు.

"దీంతో ఎండ పడుద్ది" అంది టీచరుగారు.

"పడనివ్వండి. మధ్యలో నిలబడే జోజిబాబు మొహం కాస్త తెల్లబోతే తెల్లబోద్ది. తెల్లబోయినా మనిషి కనపడతాడు." అంటూనే ఫోన్ తీసి జోజిబాబుకి కలిపింది. "తమ్ముడూ, రేపు కలెక్టరు రకం మామిడికాయల లోడు ఎత్తేముందు జట్టుని కాసేపు ఆపు. ఫోటో మళ్ళీ తీయాలి."

"మళ్ళీ ఎందుకక్కా? నేను భేషుగ్గా పడ్డాగా!"

"నువ్వు పడ్డావులే. మూలనున్నవాళ్ళు పడలేదు. తప్పు నాది."

"రేపైతే సరే. ఎల్లుండికి అందరూ ఉంగుటూరు వైపు నాట్లకి పోతారు. ఒక్కడూ దొరకడు."

ఫోన్ పెట్టేసి, ఆ పొట్టి హుడ్డుని లెన్సుకే ఉంచి, సంచిలో పెట్టింది. జ్ఞానప్రసూన చున్నీ చుట్టుకుని స్కూటీ తాళం తీసుకుంది.

"టీచరుగారూ, పరదేశి బాబాయ్ ఇల్లు మీ దారిలోనే కదూ? మీ ఊరి మొదట్లో, నీళ్ళ ట్యాంకు పక్క సందు."

"ఏం, నువ్వే వెళ్ళి చెప్పొచ్చుగా?"

"నేను వెళ్తే నా మొహం చూసి మళ్ళీ ఆయనే ఏదో ఒక సాకు అందిస్తాడండీ. నేను దాన్ని పట్టుకుని బయటపడిపోతాను. నా సంగతి నాకు తెలుసు." ఆవిడ గుమ్మం దాకా వచ్చి స్కూటీ అద్దం పట్టుకుని నిలబడింది. "రేపు పొద్దున తోటకి రమ్మనండి. ఆ చివరే నిలబడమనండి, కర్ర కూడా తెచ్చుకోమనండి. ముందు మాత్రం నీడ కాదని చెప్పండి, రాణి తప్పుడు హుడ్డు పెట్టిందనీ, తెలిసీ నీడందనీ చెప్పండి. చెప్పేసి, ఆయన 'ఫర్వాలేదులే' అనేలోపు బండి తీసేయండి."