ఏడు మేకుల పెద్దమ్మగారు

మా కింది వాటాలో ఉండే పెద్దమ్మగారు మొన్న మంగళవారం పొద్దున కన్నుమూశారు. కబురు మా బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను వెంటనే చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టాను. పెట్టాక దాన్ని చూస్తుంటే తల దించుకోవాలనిపించింది. నాలుగేళ్ల కిందట ఇదే గ్రూపులో, ఇదే బొమ్మతో, ఆవిడ గురించే నేనొక మెసేజ్ పెట్టాను. ఆ సంగతి ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మెట్టుగూడలో మాది పాత బిల్డింగ్, ఎనిమిది వాటాలు. పెద్దమ్మగారు గేటు పక్క వాటాలో కూతురి దగ్గర ఉండేవారు. ఆ కూతురితో సహా అందరం పొద్దున్నే ఉద్యోగాలకు పరిగెత్తేవాళ్లమే. పెద్దమ్మగారి గుమ్మం బయట గోడకు ఏడు మేకులుండేవి. మిగతా ఏడిళ్ల తాళంచెవులూ పగలంతా వాటికి వేలాడేవి. పిల్లలు ముందొచ్చినా, పనమ్మాయి వచ్చినా, గ్యాస్ బండ వచ్చినా ఆవిడే చూసి ఇచ్చేవారు. చదువు రాదు కాబట్టి ఒక్కో దానికి ఒక్కో పాత చీర పేలిక కట్టుకున్నారు. మాది నీలం మీద తెల్ల చుక్కలు.

మేం కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో నా మర్యాదలకు ఆవిడ పడీ పడీ నవ్వేవారు. "నీ గారు గీరు పక్కకు పెట్టు బిడ్డా. చాబి ఇయ్యి. ఇయ్యాల ఏం కూర?" ఏం కూరో చెప్పందే తాళంచెవి పుచ్చుకునేవారు కాదు. బెండకాయ అంటే, "నిన్న సుత గదే గద! మీ ఇంట్ల బెండకాయలు చెట్టుకు కాస్తయా, నీ మొగని నెత్తికి కాస్తయా?" అనేవారు. ఏడిళ్ల కూరలూ ఆవిడకు నోటికి వచ్చు. సాయంత్రం తాళంచెవితో పాటు వార్తలు కూడా చేతిలో పెట్టేవారు: బండ దించిండు, నీ బిడ్డ తినకుంట పండుకుంది, లేపి తినిపియ్యి. ఇన్ని ఎలా గుర్తుంటాయని అడిగితే, "గుడ్డ చూసి ఇస్తనా? మొఖం చూసి ఇస్త" అన్నారు.

తరవాత ఆవిడ చెవులు మందగించాయి. "ఏమన్నవ్?" అని మళ్లీ అడిగేవారు. రెండోసారి గట్టిగా చెప్పేదాన్ని. మూడోసారికి "ఏం లేదులెండి" అనేసి గేటు దాటేదాన్ని, బస్సు పోతుందని. కొన్నాళ్లకు బిల్డింగ్ అంతా ఆవిడతో ఆ ఒక్క మాటే మాట్లాడుతోంది. కూతురు వినికిడి మిషన్ సంగతి ఎత్తితే, ఈ వయసులో ఆ తక్లీఫ్ ఎందుకని చుట్టాలన్నారు. పక్కనే కూర్చుని టీ తాగుతూ నేనూ తలూపాను.

ఒక నెలలో రెండుసార్లు నాకు పై వాటా వాళ్ల తాళంచెవి ఇచ్చారు. మెట్లెక్కి, తిప్పి చూసి, విసుక్కుంటూ దిగి వచ్చాను. జరిగిన నష్టం అంతే. ఆ సాయంత్రమే గ్రూపులో రాశాను: "పెద్దమ్మగారికి వయసైంది. ఆవిడకు శ్రమ ఇవ్వకుండా రేపటి నుంచి ఎవరి తాళంచెవి వాళ్లే ఉంచుకుందాం." చివర చేతులు జోడించాను. అందరూ బొటనవేలు చూపించారు. ఆవిడ ఆ గ్రూపులో లేరు. ఒక్కమాట అడగాలని నాకు తట్టలేదంటే అబద్ధం. తట్టింది. అరిచి చెప్పాలి కదా అని బద్ధకించాను.

మర్నాడు ఎప్పట్లాగే చెయ్యి చాపారు. "నా దగ్గరే ఉంచుకుంటానండీ. మీరు హాయిగా రెస్ట్ తీసుకోండి" అని అరిచాను.

"రెస్ట్ తీస్కొని ఏం జెయ్యాలె?" అన్నారు. నేను నవ్వి వెళ్లిపోయాను.

నేను కొత్త తాళం కూడా కొన్నాను. అవసరానికని ఎప్పుడో ఇచ్చిన పాత తాళం రెండో చెవి, పేలికతో సహా, ఆవిడ దగ్గరే ఉండిపోయింది. ఆ ఏడే గుమ్మం ముందు ఆవిడ కూర్చునే రాతిబల్ల తీయించి స్కూటర్లకు చోటు చేశాం. అక్కడ మొదట పెట్టింది కొత్తగా కొన్న నా స్కూటరే. బయట రోడ్డు తవ్వితే దుమ్ముకీ హారన్లకీ ఆ గుమ్మం తలుపు కూడా మూతపడింది. కూతురు ఆరింటికి వచ్చేదాకా ఆవిడతో మాట్లాడే మనిషి లేదు.

ఏడాది తిరిగేసరికి తిన్నారో లేదో మరిచిపోవడం మొదలైంది. తరవాత ఇల్లే మరిచిపోయేవారు. కానీ అప్పుడప్పుడూ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి మా తలుపు కొట్టేవారు. చేతిలో ఆ పాత తాళంచెవి. "నీ చాబి బిడ్డా, మర్సిపోయినవ్."

"ఏం లేదులెండి, కిందికి పదండి" అనేదాన్ని.

డాక్టర్ దగ్గరికి కూతురికి తోడుగా వెళ్లాను. చెవులు వినిపిస్తాయా, పగలు ఎవరితో మాట్లాడతారు, బయట నడుస్తారా, చేతికి ఏదైనా పని ఉందా అని ఆయన వరసగా అడిగారు. కూతురు నేల చూసింది. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను. "ఇవన్నీ తగ్గినకొద్దీ ఈ మతిమరుపు జబ్బు ముప్పు పెరుగుతుంది. కానీ ఈవిడకు ఇందువల్లే వచ్చిందని చెప్పలేం" అన్నారాయన. ఆ రెండో మాటకు నా ప్రాణం కుదుటపడింది. తాళంచెవులు తారుమారైన రోజుకే జబ్బు మొదలై ఉండొచ్చు, నిజమే. అప్పుడైతే ఆవిడకు మాటా పనీ ఇంకా ఎక్కువ కావాలి. నేను సరిగ్గా అవే తీసేశాను. డాక్టర్ మాటకు అలా ఊపిరి పీల్చుకున్నందుకు ఇప్పుడు మరీ సిగ్గుగా ఉంది.

నిన్న కూతురు పైకి వచ్చి నా చేతిలో తాళంచెవి పెట్టింది. "అమ్మ దిండు కింద ఉండె. మీదే గదా." పేలిక కొత్తగా ఉంది. పాతది చిరిగిపోతే, సొంత కూతురి పేరు తోచని రోజుల్లో కూడా, అదే తెల్ల చుక్కల నీలం చీర వెతికి మళ్లీ కట్టుకున్నారట.

ఈ పొద్దున ఆఫీసుకు బయల్దేరి ఆ గుమ్మం దగ్గర ఆగాను. తలుపుకు తాళం వేసి ఉంది. మేకులు తుప్పు పట్టాయి కానీ గట్టిగానే ఉన్నాయి. మొదటి మేకుకు ఆ నీలం పేలిక తాళంచెవి తగిలించాను. పై వాటా ఆవిడ మెట్లు దిగుతూ చూస్తోంది. చూడనీ అనుకున్నాను.

"బెండకాయ, పెద్దమ్మగారూ" అన్నాను. ఆ మందగించిన చెవులకు వినపడేంత గట్టిగా అన్నాను.