అందరూ గట్టిగా ప్రార్థిస్తున్నప్పుడు

ఒక ఆడపిల్లకు జబ్బు నయం కావద్దని నేను దేవుణ్ణి అడిగాను. దూరంగా కూర్చుని కాదు. ఆమె తల మీద చెయ్యి పెట్టి అడిగాను.

ఇరవై ఏళ్లకు పైగా దీన్ని మోస్తున్నాను. ఆర్మూరు మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసిన వీపు నాది, బరువంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. బస్తా అయితే దించుకోవడానికి ఒక చోటుంటుంది. దీనికి దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బడికి పోలేదు. బస్తాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. తర్వాత వాక్యమంతా, అంటే బైబిలంతా, మొదటి పుట నుంచి చివరి పుట దాకా, ఎవరి సాయమూ లేకుండా చదివాను. మా సంఘంలో ఆదివారం వాక్యం చదివేది నేనే. కల్లు ముట్టలేదు. ఆరాధన మానలేదు. ఇదంతా ఎందుకంటే, ప్రకాశం సంగతి చెప్పాలి.

ప్రకాశం ఆటో నడిపేవాడు. నలభై ఏళ్లు వచ్చేదాకా కల్లు కాంపౌండులోనే అతని కాపురం. బాప్తిస్మం తీసుకుని ఏడాది తిరగలేదు, రోగులు అతన్ని వెతుక్కుంటూ రావడం మొదలైంది. ఏ ప్రవక్త ముందో ఏ ప్రవక్త వెనకో అతనికి తెలియదు. ప్రార్థనంటే "అయ్యా, గీ పిల్లను జర సూడు" అనడమే, పక్కింటి ఆసామితో మాట్లాడినట్టు. జ్వరం తగ్గేది. తగ్గిందని చెప్పుకునేవారు. మాక్లూరు నుంచి కూడా మనుషులు వచ్చేవారు. మా ఇల్లు దాటితేనే అతని ఇల్లు. దారి అడగడానికి మాత్రం నా గుమ్మం ముందు ఆగేవారు. నేను చూపించేవాణ్ణి. ఇది న్యాయమేనా? అప్పుడూ అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను.

ఒకరోజు యార్డులో పసుపు కొమ్ములు ఏరుతున్న మా సంఘపు ఆడవాళ్ల మాటలు చెవిన పడ్డాయి. నన్ను వాళ్లంతా పెద్దబాపు అంటారు. "పెద్దబాపు సదువుతడు. ప్రకాశం అడుగుతడు." అందరూ నవ్వారు. నవ్వులో విషం లేదు. అయినా ఆ మాట పంటి కింద రాయిలా ఉండిపోయింది.

ఆ ఏడు పసుపు ఉడకబెట్టే రోజుల్లో రూతమ్మ మంచం పట్టింది. అప్పటికి మా సంఘంలో కొత్త కోడలు, చిన్నపిల్ల. కడుపులో నొప్పి, జ్వరం. మోకాళ్లు పొట్టకు అదుముకుని పడుకుంది. వాళ్ల అత్త దవాఖాన మాట ఎత్తనివ్వలేదు, ప్రకాశం చెయ్యి పడితే చాలంది. సంఘమంతా వెళ్లాం. పెద్దవాణ్ణి కాబట్టి నేను తలవైపు కూర్చున్నాను. ప్రకాశం కాళ్ల దగ్గర.

మా ప్రార్థన ఒకరు చేస్తుంటే మిగతావాళ్లు వినడం కాదు. అందరూ ఒకేసారి, ఎవరి మాటల్లో వాళ్లు, గొంతెత్తి అడుగుతారు. రేకుల ఇల్లు దద్దరిల్లుతుంది. పక్కవాడు ఏమంటున్నాడో వినపడదు. నేను ఆ పిల్ల కాలుతున్న నుదుటి మీద చెయ్యి పెట్టాను. వంగాను. "ప్రభువా, ప్రకాశం మాట ఇనకు. గీ పిల్లను లేపకు" అన్నాను.

చదివిన మాటల్లో కాదు, ఇంటి మాటల్లో. బతుకంతా వాక్యం చదివినవాణ్ణి, నిజంగా అడిగింది ఆ ఒక్కసారేనేమో.

ఆమె చావాలని కోరుకున్నానా? లేదు. ఆమె ఎవరో కూడా ఆ క్షణంలో నాకు గుర్తు లేదు, నా చేతి కింద ఉన్నది ఒక మనిషి తల అనే సంగతే మరిచి, ప్రకాశం ఒక్కసారి, ఒక్కసారైనా ఉత్తచేతులతో ఇంటికి పోతే చూడాలనుకున్నాను. దాని ఖరీదు ఆ పిల్ల ప్రాణమని తెలియదా? తెలుసు. తెలిసే అన్నాను.

ఏమైందో గానీ, మేం ఇళ్లకు చేరామో లేదో, ఆమెను నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. అదీ ప్రకాశం ఆటోలోనే. పేగు వాచి పగలబోతుంటే కోసి తీశారట. బతికింది. నా ప్రార్థన వినలేదని దేవుడికి కృతజ్ఞత చెప్పానా? ప్రకాశం మళ్లీ గెలిచాడనుకున్నాను.

కోలుకున్నాక సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పింది. డాక్టరును తలచింది, అత్తను తలచింది, ప్రకాశాన్ని రెండుసార్లు తలచింది. నా పేరు లేదు. తలవైపు కూర్చున్నది నేను కదా అని ఆరోజు నాకు అన్నం సహించలేదు. తర్వాత బిడ్డ పుడితే ఆశీర్వాదానికి తెచ్చింది. చేతులు చాచాను. నన్ను దాటి ప్రకాశం దగ్గరికి పోయింది. పొగరనుకున్నాను. ఇన్నేళ్లూ అదే అనుకున్నాను.

ప్రకాశం పోయాడు. అతని సమాధి దగ్గర జనాన్ని చూస్తూ, నేను పోతే ఇందులో ఎందరొస్తారా అని లెక్కేసుకున్నాను. ఇంతకన్నా ఏం చెప్పను?

మొన్న నాకు ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. సంఘం ఇంటికొచ్చింది. అందరూ నా తల మీద, భుజాల మీద చేతులు పెట్టి గట్టిగా ప్రార్థించారు. నేను ఆమెన్ అనలేకపోయాను. చెవులు రిక్కించి వింటున్నాను. ఈ గొంతుల్లో ఎవరైనా మెల్లగా ఏదైనా అంటున్నారా? నేను అన్నట్టు?

రూతమ్మ కూడా వచ్చింది. గడప దగ్గరే చేతులు కట్టుకుని నిలబడింది. అందరూ వెళ్లాక చాయ్ గ్లాసులు కడగడానికి ఆగింది. పిలిచాను. చెప్పాను. ఒక్క ముక్క కూడా తగ్గించలేదు. క్షమించమని అడిగే ధైర్యం రాలేదు. చెప్పడం పూర్తయ్యాక గుండెలో ఏదో కాస్త పక్కకు జరిగినట్టయింది, ఊపిరికి చోటు దొరికింది. నాకు దక్కింది అంతే.

ఆమె గ్లాసు తుడవడం ఆపలేదు. ఆమె జవాబు ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

"ఎరుకే పెద్దబాపు. అందరు ఒర్రుతుంటె మీరొక్కలే మెల్లగ అన్నరు. మీ నోరు నా చెవి కాడనే ఉండె. అందరియి ఒక్కతాన కలిసిపోయినయి, మీదొక్కటే ఇనవడ్డది. గందుకే మీరు పోంగనే మా ఆయన చెయ్యి వట్టుకున్న, నన్ను దవాఖానకు తీస్కపో అని. గట్లనే బతికిన. మరి మిమ్ముల మొక్కాల్నో తిట్టాల్నో నాకు ఇప్పటికి తెల్వది. ఇయ్యాల అందరు మీ నెత్తి మీద చెయ్యి వెట్టిన్రు. నేను వెట్టలే. వెడితె నా నోట్లకెల్లి ఏమొస్తదో అని భయమైంది."