రెండూ ఒకేచోట ఉన్నాయా అని అడిగిన మేడం

నాకు పరిశోధన నేర్పిన మేడం పోయిన వారం కోలారు బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లోని తమ ఇంట్లో కన్నుమూశారు. "అక్క పోయిందమ్మా. కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నట్టే పోయింది," అని ఆమె తమ్ముడు ఫోన్ చేశారు. కోలారులో నేను పాఠం చెప్పే కాలేజీలో ఆ రోజు క్లాసు ఇంకొకరికి అప్పగించి బయలుదేరాను.

మేడం తండ్రి గనిలో పనిచేశారు. మేడం మాత్రం బెంగళూరు ల్యాబ్‌లో లోహ నైట్రైడ్లను పల్చటి పొరలుగా తయారు చేసేవారు. గాలి తగిలితే పాడైపోయే పొరలవి. వాటిని కొలతకు బిగించేటప్పుడు ఆమె ఊపిరి బిగబట్టేవారు, మేం నవ్వేవాళ్లం.

అతివాహకంలో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. అక్కడ ఎలక్ట్రాన్లు మామూలుగా, చిన్న అయస్కాంత సూదుల్లాంటి తమ స్పిన్‌లను ఎదురెదురు దిక్కులకు పెట్టుకుని జతకడతాయి. అయస్కాంతం వాటిని ఒకే దిక్కుకు తిప్పాలని చూస్తుంది. అందుకే ఈ రెండు గుణాలూ ఒకచోట ఇమడవని చదువుకున్నాం. ఒకరోజు నేను బాగా చల్లబరిచిన పొరలో నిరోధం సున్నాకు పడిపోయింది. అయస్కాంతత్వం మాత్రం పోలేదు. ల్యాబంతా చప్పట్లు. వెంటనే పేపర్ పంపుదామన్నాను.

మేడం గ్రాఫును చాలాసేపు చూశారు. "రెండూ ఒకేచోట ఉండాయా, పక్కపక్కన ఉండాయా? ఒక మూల అతివాహకం, ఇంకో మూల అయస్కాంతం అయితే ఏం చేస్తావమ్మా?" అన్నారు. కొత్త పొర చేసి, కోసి, ఒక్కో ముక్కనూ కొలవమన్నారు.

ఆ పనిలో ఉండగానే, అలాంటి పొర మీదే వేరే దేశం వాళ్ల పేపర్ వచ్చేసింది. నా థీసిస్ గంగలో కలిసిందని క్యాంటీన్‌లో ఏడ్చాను. మేడం ఆ పేపర్ ప్రింటు పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఆమె ముఖంలో నిజంగా సంతోషం.

"మనం చూసింది కల కాదమ్మా. ఇంకొకరికీ కనబడింది. వాళ్లు ముక్కలు కొయ్యలేదు, చూడు. నీ పని యాడికీ పోలేదు."

మా ముక్కలన్నిటిలోనూ రెండు గుణాలూ కనిపించాయి. నేను థీసిస్‌ను ఆ మాటతో ముగించబోతే, "ఇంతకన్నా చిన్న చోట ఏముండాదో మనకింగా తెలీదు. అదీ రాయి," అన్నారు. రాశాను. డిగ్రీ వచ్చింది. ఇప్పుడు నా దగ్గర పరిశోధన చేసే పిల్లల పనంతా ఆ చివరి వాక్యం నుంచి మొదలైందే.

రెండు నెలల కిందట మేడంను చూడబోతే, "ఆ ప్రశ్న తెగిందా?" అని అడిగారు. లేదన్నాను.

"మంచిది. చేసేదానికి పని ఉండాది," అని నాకు ఇంకో దోసె వేశారు.

అంత్యక్రియలు వాళ్ల సొంతూరు కామసముద్రంలో జరిగాయి. రిటైరయ్యాక మేడం ఆదివారాలు కోలారు దగ్గరి నరసాపురం ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయిలకు డిప్లొమా లెక్కలు చెప్పేవారట. వాళ్లు షిఫ్టు దిగి యూనిఫాంలోనే కంపెనీ బస్సులో వచ్చారు. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. తిరిగి బయలుదేరే వేళ దాటుతున్నా డ్రైవరు హారన్ కొట్టలేదు. ఇంజన్ ఆపేసి, కిందికి దిగి, రాగిచేను గట్టు మీద కూర్చున్నాడు.