మా పాప మింగిన ఈగ

ఒక ఈగ కోసం ట్యాక్సీ పిలిపించుకుని ఎమర్జెన్సీకి పరిగెత్తిన తల్లి ఐర్లండ్ మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. పాప నిద్రపోయింది కాబట్టి ఆ ముచ్చట తీరిగ్గా చెబుతాను. మీరు నవ్వినా ఏమీ అనుకోను. మా ఆయన ఇప్పటికే మీ అందరి వాటా కూడా నవ్వేశారు.

ముందు నా గురించి ఒక మాట. ద్రాక్షపండుని నిలువునా కోసి, అడ్డంగా కోసి, ఆ ముక్కల్ని మళ్ళీ అనుమానంగా చూసే రకం తల్లిని నేను. పాప దగ్గితే భయం, దగ్గకపోతే ఇంకా భయం. కార్క్ ఊరి పక్కన బాలింకాలిగ్‌లో మా జీపీ, అంటే మా ఇంటి డాక్టరు, పాపకి జలుబని వెళ్ళిన నన్నే పరీక్షగా చూసింది. "పాప బాగానే ఉంది. మీరే చేతులకి ఏదైనా పని పెట్టుకోండి. అల్లికలో, కుట్లో, ఏదో ఒకటి," అంది.

ఆ మాట పక్కింటి నోరీన్‌తో అన్నాను. ఆవిడకి మా అమ్మ వయసు. వాళ్ళ నాన్న ఇక్కడి నదిలో సాల్మన్ చేపలు పట్టేవాడట. ఆయన దగ్గర నేర్చిన విద్య ఆవిడ చేతుల్లో ఇంకా ఉంది. సాల్మన్‌కి ఎరగా వేసే ‘ఫ్లై’లు కడుతుంది. ఫ్లై అంటే ఈగే గానీ, పాత పద్ధతిలో కట్టిన ఫ్లైని చూస్తే ఏ ఈగా తన బంధువని ఒప్పుకోదు. గాలం మీద పసుపు పట్టుదారం చుట్టి, పైన బంగారు జరీ తీగ తిప్పి, నెమలి ఈకలు పొదిగి, నిమ్మపండు రంగు తురాయి నిలబెడతారు. అది ఈగేమిటి, పెళ్ళికూతురు. ఇప్పుడు వాటితో చేపలు పట్టేవాళ్ళు తక్కువే. అద్దం వేయించి గోడకి తగిలించుకుంటారు.

"గురువారం మా ఇంటికి రా. ఈగకి బట్టలు తొడుగుదాం," అంది నోరీన్. హాస్యం కాదు, ఆ పనిని వాళ్ళు డ్రెస్సింగ్ అనే అంటారు.

వంటగది బల్ల అంచుకి వైస్ అనే చిన్న ఇనప పట్టు బిగించి అందులో గాలం నిలబెట్టింది. చిన్నప్పటినుంచీ మల్లెపూల మాలలు కట్టిన చేతులు, దారమూ ముడీ నాకో లెక్కా అనుకున్నాను. మాలలో పువ్వు ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది. ఈక ఉండదు. దారం బిగించామో, గాలం చుట్టూ తిరిగి అవతలి వైపు పోయి కూర్చుంటుంది, అలిగిన ఆడపడుచులా. వదులు చేశామో, ఊడొచ్చి టీ కప్పులో పడుతుంది. తుమ్మామా, ఆ పూట పనంతా నోరీన్ కర్టెన్ల మీద ఉంటుంది. నేను కట్టిన మొదటి ఫ్లై లారీ కింద పడి లేచిన కోడిపుంజులా ఉంది.

నోరీన్ కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, "గ్రాండ్," అంది.

ఇంటికి రాగానే అమ్మకి ఫోన్ చేశాను.

"గ్రాండ్‌గా ఉందందమ్మా."

"ఉండదా మరి? నువ్వేం చేసినా గ్రాండ్‌గానే చేస్తావు. ఇంతకీ ఏం కట్టావు?"

"ఈగ."

అమ్మ మెల్లగా, "పాపని చూసుకుంటున్నావా?" అంది.

ఉన్న ఆ కాస్త గాలీ మా ఆయన తీసేశారు. "ఇక్కడ గ్రాండ్ అంటే మన పెళ్ళిళ్ళ గ్రాండ్ కాదే. ఏదో, ఫరవాలేదు అని. మొన్న కారు బంపర్ ఊడి చేతికొస్తే మెకానిక్ కూడా గ్రాండ్ అనే అన్నాడు."

దాంతో నాకు పంతం పట్టుకుంది. గురువారం వస్తే పాప క్రెష్‌కి, నేను నోరీన్ ఇంటికి. ఒకటే నియమం పెట్టుకున్నాను: గాలం ఆవిడ గడప దాటకూడదు. పిన్నీసులకే చోటు లేని ఇల్లు మాది. అన్నీ నోరీన్ వంటగది అల్మరాలోనే, పై అరలో ఉండేవి.

అయితే ఒక గురువారం నా ఫ్లై కుదిరింది. రెక్కలు రెండూ సమానంగా నిలబడ్డాయి, తురాయి వాటి మీద వానవిల్లులా వంగింది. నోరీన్ ఈసారి గ్రాండ్ అనలేదు. దాన్ని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసి, "మా నాన్న ఉంటే ఇది చూపించేదాన్ని," అంది.

ఆ మాట విన్నాక నియమం ఎవరికి గుర్తుంటుంది? అగ్గిపెట్టెలో దూది పరిచి, దాన్ని పడుకోబెట్టి, మా ఆయనకి చూపిద్దామని ఇంటికి తెచ్చేశాను.

మా ఆద్యకి రెండేళ్ళు దాటాయి. క్రెష్ నుంచి తెచ్చి, చేతికి బిస్కెట్ ఇచ్చి, "చూడు బంగారం, బర్డీ," అని దూరం నుంచే చూపించాను. తర్వాత పెట్టె వంటగట్టు మీద పెట్టి, ఫ్లైని పైకి తీసి, వంగి దాని అందం నేనే చూసుకుంటున్నాను. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగాయి. ఫ్లైని గట్టు మీదే వదిలేసి, నా భుజం మీంచి జారి అక్కడ పరుచుకున్న ఉన్ని శాలువా కొంగుని వీపు మీదికి విసురుకుని, ఒక్క దూకు దూకాను. పొయ్యి తుడిచి వెనక్కి తిరిగేసరికి పెట్టె ఉంది, దూది ఉంది, ఫ్లై లేదు. పక్కనే కుర్చీ ఎక్కి నిలబడింది ఆద్య. దాని నోరు ఆడుతోంది.

"ఆద్యా, బర్డీ ఏదమ్మా?"

నోటినిండా ఏదో పెట్టుకునే, "బర్డీ మమ్మం," అంది.

పిల్లల భాషలో మమ్మం అంటే ఏమిటో తెలుగు తల్లులకి చెప్పక్కర్లేదు.

"తినేశావా?"

పొడి రాలుతున్న బుగ్గలతో తల ఊపింది.

నోట్లో వేలు పెట్టి వెతికాను. బిస్కెట్టే వచ్చింది. అంటే గాలం లోపలికి వెళ్ళిపోయింది. పాపేమో నా ముఖం చూసి నవ్వుతోంది, పాలపళ్ళన్నీ కనబడేలా. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపు ఆగలేదు.

మా ఆయన మందుల ఫ్యాక్టరీలో టోపీ, ముసుగు వేసుకుని లోపలికి వెళ్ళారంటే ఫోన్ లాకర్లోనే ఉంటుంది. మెసేజ్ పెట్టి జీపీ ఆఫీసుకి ఫోన్ చేశాను.

"మా పాప ఫ్లై మింగేసింది," అన్నాను.

"అయ్యో పాపం. పిల్లలన్నాక మింగుతారమ్మా. మావాడు నత్తనే నమిలాడు. కాసిని నీళ్ళు పట్టించు, గ్రాండ్‌గా ఉంటుంది," అంది అక్కడి అమ్మాయి.

"కాదండీ, దానికి ఈకలున్నాయి."

"ఈగకి ఈకలా?"

"సాల్మన్ ఈగండీ. జరీ కూడా ఉంది. నేనే కట్టాను. లోపల గాలం ఉంది."

గాలం సంగతి మొదటే చెప్పాల్సిందేమో.

"వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి," అంది. గొంతులో గ్రాండ్ ఎక్కడా లేదు.

ఆసుపత్రి వరుసలో పాపని గుండెకి అదుముకుని నిలబడ్డాను. వెనకాల ఒక పెద్దావిడ నా భుజం తట్టి, "నీ నగ ఎంత బాగుందమ్మా. మీ దేశానిదా?" అంది. మెడలో నల్లపూసల సంగతనుకున్నాను.

"అవునండీ, మా అత్తగారు పెట్టారు."

"మంచి అభిరుచి గల మనిషి," అందావిడ.

లోపల నర్సు ఓపికగా అంతా విని, "మింగిందని ఎలా తెలిసింది?" అని అడిగింది.

"అదే చెప్పింది. మా భాషలో. బర్డీ మమ్మం అంది. అంటే తిన్నానని."

నర్సు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఆద్యా, బర్డీ ఎక్కడుంది కన్నా?"

ఈసారి నోట్లో బిస్కెట్ లేదు. మా ఆద్య అచ్చమైన కార్క్ యాసలో, అక్షరం అక్షరం వినబడేలా, "మామీ," అంది. అర్థం కాలేదేమోనని వేలు పెట్టి నన్ను చూపించి, "ఆన్ మామీ," అంది.

నర్సు లేచి నా వెనక్కి వచ్చింది. "కాస్త కదలకుండా నిలబడండి. పాప మొదటినుంచీ నిజమే చెబుతోంది," అంది.

శాలువా మీంచి ఫ్లైని జాగ్రత్తగా విడిపించి నా అరచేతిలో పెట్టింది. ఒక్క ఈక కూడా నలగలేదు. అప్పుడే మా ఆయన నెత్తిన ఫ్యాక్టరీ టోపీతోనే పరిగెత్తుకొచ్చారు.

"ఎక్కడుందే? కడుపులోనా?"

"వీపు మీద."

"పాప వీపు మీదా?"

"కాదండీ. నా వీపు మీద."

మాటలు వచ్చిన దగ్గర్నుంచీ నన్ను అమ్మా అనే పిలిచిన పిల్ల, ఇక్కడి పిల్లలు అమ్మని పిలిచే మాట క్రెష్‌లో నేర్చుకొచ్చి, నోటినిండా బిస్కెట్‌తో మొట్టమొదటిసారి నన్ను మామీ అంది. వేరే తల్లులైతే ముద్దు పెట్టుకుంటారు, వీడియో తీసి అమ్మమ్మకి పంపుతారు. నేను ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాను.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా కూతురు ఏ భాషలో ఏం చెప్పినా, ట్యాక్సీ పిలిచే ముందు ఒకసారి నా వీపు తడుముకుంటాను. మెల్లగానే లెండి, గుచ్చుకుంటుంది.