రానుపోను తీగ

కొత్త తీగ చుట్ట విప్పితే వచ్చే వాసన ఒకటుంది. కొత్త చెప్పుల వాసనకు దగ్గరగా, కొంచెం తియ్యగా ఉంటుంది. వికారాబాద్‌లో నేను పనిచేసే ఎలక్ట్రికల్ దుకాణంలో ఆ వాసన రాని రోజు లేదు. అయినా ఎర్ర తీగ చుట్ట విప్పినప్పుడు మాత్రం తాండూరు హమీద్ చాచా గుర్తుకొస్తారు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన గుర్తొస్తే నాకు ముందు నవ్వే వస్తుంది.

నేను ఇంటర్ తప్పినదాన్ని. బోరు మోటారు ఎన్ని హార్స్‌పవర్, స్టార్టర్ డబ్బా నుంచి ఎంత దూరం అని రైతు చెబితే ఏ తీగ కావాలో నోటితో లెక్క కట్టడం మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. ఆ పేరు విని చాచా రైలెక్కి వచ్చారు. తాండూరులో మోటార్లకు వైండింగ్ చుట్టే మనిషి. మూతపడిన నాపరాళ్ల పాలిష్ షెడ్డులో ఐదేళ్లుగా కట్టె, గుడ్డలతో ఒక మనిషి కూర్చునే విమానం కడుతున్నారు.

"బిడ్డా, ఇమానానికి వైరు గావాలె," అన్నారు.

దుకాణమంతా నవ్వింది. ఆయన కూడా నవ్వారు. కిందటి వారం పదిమందిని పిలిచి, ఇంట్లో ఉన్న లైటు తీగతోనే ఇంజన్ స్టార్టు చేయబోయారట. విమానం ముందున్న పంకా అర చుట్టు తిరిగి ఆగింది, తీగ పొగలు కక్కింది. "చాచా, నీ ఇమానం పొగబండి అయ్యిందే!" అని జనం ఈలలు వేశారట. "ఈసారి గూడ తిరగకుంటే మీ చాచీ దాని కట్టెలు పొయిల పెడుతనన్నది. ఆమె మాటంటే మాటనే," అన్నారు.

విమానం ఇంజన్‌ను తిప్పే స్టార్టర్ నూరు ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ సీటు వెనక, ఇంజన్ ముందు. నడుమ రెండున్నర మీటర్లు. బ్యాటరీ ఇచ్చే పన్నెండు వోల్టుల్లో తీగ దారిలో ఒక్క వోల్టు కంటే ఎక్కువ తినకూడదని గీత గీసుకున్నాను. ఆరు ఎంఎం రాగి తీగ అయితే ముప్పావు వోల్టు తింటుంది. సరిపోతుంది. అంతకంటే లావు వద్దు, బరువు. ఆదివారం రెండున్నర మీటర్ల ఎర్ర తీగ సంచిలో పెట్టుకుని తాండూరు వెళ్లాను.

చాచా ఆ తీగను బ్యాటరీ నుంచి ఇంజన్ దాకా పరిచి, నడుము మీద చేతులు పెట్టుకుని చూశారు.

"వికారాబాద్ నుంచి ఎంతసేపు పట్టింది బిడ్డా?"

"గంట."

"మల్ల ఇంటికి పోవా? గీడనే ఉంటవా?"

"పోకుంటే ఎట్ల చాచా!"

"మరి కరెంటుకు ఇల్లు లేదా?" అని విమానం పక్క చెక్క మీద టకటకా కొట్టారు. "కార్లయితే ఇనుప బాడీల నుంచి వాపస్ వస్తది. కట్టెల నడుస్తదా? రానుపోను లెక్క గట్టు."

చెవులు వేడెక్కాయి. బోరు మోటారుకు మూడు ఫేజులు, తిరుగు తీగ ఉండదు. వందల మంది రైతులకు దూరం ఒకవైపే కొలిచిన అలవాటు నాది. పక్కనున్న నాపరాయి మీద సుద్దముక్కతో మళ్లీ వేశాను. ఐదు మీటర్లకు ఆరు ఎంఎం తీగ వోల్టున్నర తింటుంది. చాలదు. పది ఎంఎం అయితే వోల్టులో పదింట తొమ్మిది పాళ్లు. సరిపోతుంది, కానీ మొదటి లెక్క కంటే నాలుగు వందల గ్రాములు ఎక్కువ. గ్రాములు తగ్గించడానికి పక్కటెముకల్లాంటి కట్టెలకు ఆయన వేసిన బెజ్జాలు నా కళ్లముందే ఉన్నాయి. అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

చాచా తన పొట్ట నిమురుకున్నారు. "నేను తగ్గుత బిడ్డా. తీగ తగ్గద్దు."

తరువాత మిర్చి బజ్జీలు తెప్పించారు. "తప్పు బండ మీద దొరికింది, గాల్ల దొరకలె. దావత్ చేస్కోవాలె," అన్నారు. పొట్ట తగ్గిస్తానన్న మనిషి నాలుగు తిన్నారు. తప్పు చేసినందుకు నాకు తినిపించిన మనిషి ఆయనొక్కరే.

మరుసటి ఆదివారం పది ఎంఎం తీగ రానుపోను బిగించాక, ఈలలు వేసిన జనమే మళ్లీ వచ్చారు. చాచీ కొంగు బిగించుకుని పంకాకు దూరంగా నిలబడింది. నా చేతిలో తీగ ఎంత వోల్టు తింటుందో చూపే మీటరు. చాచా బిస్మిల్లా అని బటన్ నొక్కారు. పంకా అర చుట్టు దగ్గర ఒక్క క్షణం నసిగింది. మీటరు మీద లెక్క కట్టిన తొమ్మిది పాళ్లే. గర్రుమని తిరిగింది! షెడ్డులో ఏళ్లుగా పేరుకున్న రాతిపొడి లేచి అందరినీ తెల్లగా చేసింది. ఆ దుమ్ములోంచి చాచీ గొంతు: "ఇగ నా పొయిల కట్టెలు ఎట్ల?"

విమానం పొలంలో ఆ కొసకూ ఈ కొసకూ పరుగెత్తింది. ఎగరడానికి కావలసిన అనుమతి కాగితాలు రాకముందే చాచా పోయారు. ఆ ఒక్కటి తక్కువ. అయినా సీటులో కూర్చుని తెల్లటి గడ్డంతో చెయ్యి ఊపిన మనిషి మొహంలో తక్కువేమీ కనిపించలేదు నాకు.

నిన్న ధారూర్ నుంచి ఒకతను గొర్రెల దొడ్డికి సోలార్ లైటు పెట్టుకోవాలని వచ్చాడు. పలక నుంచి బ్యాటరీకి ఇరవై మీటర్లన్నాడు.

"రానుపోను లెక్క గట్టినవా తమ్మీ?"

"లేదక్కా, బస్సు దొరకలె. బండి మీదనే వచ్చిన."

నవ్వు ఆపుకుంటూ కాగితం తీసి, పోయే గీత గీశాను. దాని కిందే వచ్చే గీత. తరువాత ఎర్ర చుట్ట, నల్ల చుట్ట రెండూ విప్పాను.