నాయనమ్మ తోమిన ఎండ్‌మిల్లులు

దసరాకి ఇత్తడి కుందులు చింతపండుతో తోముతుంటే, ఆ పులుపు వాసన ముక్కుకి తగలగానే నాకిప్పటికీ నవ్వొస్తుంది. కుందులు పళ్ళెంలో నానుతూనే ఉంటాయి, నేనేమో ఎనభైల నాటి తెనాలిలో మా నాన్న వర్క్‌షాపుకి వెళ్ళిపోతాను.

మా ఇంటి ముందు వసారాయే వర్క్‌షాపు. అందులో ఒక పాత మిల్లింగ్ మిషను, చెక్కేటప్పుడు వేడెక్కకుండా దాని మీద పాలలా తెల్లగా కారే కూలెంటు నూనె, వానాకాలమైతే ఆ నూనె వాసనలో కలిసిపోయే తడిమట్టి వాసన, పక్కింటి పెసరట్ల వాసన. మిషనుకి బిగించే కట్టర్లని ఎండ్‌మిల్లులు అనేవారు. చూడ్డానికి డ్రిల్లు బిట్టులాగే మెలితిరిగి ఉంటాయి గానీ, డ్రిల్లు కిందికి తొలిచి ఊరుకుంటుంది, ఇవి పక్కలకీ చెక్కుకుంటూ పోయి లోహంలో గాడులు తీస్తాయి. ఇత్తడి చెక్కితే రాలేది మా బొమ్మల వంటకి బొంబాయిరవ్వ, అల్యూమినియం చెక్కితే రాలేది సేమ్యా. నేనూ మా చెల్లీ ఆ సేమ్యాతో పాయసం వండి, పనిమీద వచ్చిన వాళ్ళందరికీ వడ్డిస్తే, పాపం వాళ్ళూ ఉత్తినే చప్పరించి, "పంచదార తగ్గిందమ్మా" అనేవారు.

ఆ ఏడు దసరాకి రేపల్లె నుంచి మా నాయనమ్మ వచ్చింది, బాపట్ల వాళ్ళ రంగులరాట్నమూ వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక రాట్నం ఎక్కని మనిషి, "ఈసారి నీతో ఎక్కుతానే" అని నాకు మాటిచ్చింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆయుధపూజ ముందురోజు, నాన్న బజారుకి వెళ్ళిన సమయం చూసి, దేవుడి ముందు ఆ జిడ్డేంటని, ఎండ్‌మిల్లులన్నీ పళ్ళెంలో పోసుకుని, చింతపండూ ఇటుకపొడీ వేసి పరపరా తోమిపారేసింది. నాన్న వచ్చేసరికి వాటికి పసుపు పూసి, బొట్లు పెట్టి, బంతిపూలు కప్పేసింది. పూజ మాత్రం బ్రహ్మాండంగా జరిగింది.

మర్నాడు పొద్దున్నే రాట్నం ఆయన రిక్షాలో ఇరుసు వేసుకొచ్చాడు. పళ్ళచక్రాన్ని ఇరుసుకి బిగించే ఇనుపముక్క కూర్చునే గాడి అరిగిపోయి, చక్రం తిరుగుతున్నా రాట్నం కదలట్లేదట. "ఈ సాయంత్రమే ఆఖరండి, రేపు వేరే ఊరు పోతాం" అన్నాడు. అంటే నాయనమ్మతో ఎక్కితే ఈ సాయంత్రమే ఎక్కాలి.

"కొత్త గాడి తీసేద్దాం, ఎంతసేపండి" అంటూ నాన్న బంతిపూలు తీశాడు. తుప్పు రాకుండా కాసే నూనె జిడ్డు పోయి, హైస్పీడ్ స్టీలు ఎండ్‌మిల్లులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. వేలికి గుచ్చుకోవలసిన అంచులు నున్నబడ్డాయి. మళ్ళీ సాన పట్టించాలంటే బెజవాడ పోవాలి.

"ఎవరు కడిగారు వీటిని?"

"నేనేరా, శుభ్రంగా ఉంటాయని..." అంది నాయనమ్మ. నాన్న వాటిని ఒక్కొక్కటే పక్కన పెట్టేశాడు. ఆవిడ పెరట్లోకి వెళ్ళి కూర్చుంది, టిఫిన్ కూడా ముట్టలేదు. నాకు రాట్నం మీది బెంగ పోయి ఆవిడ మీద బెంగ పట్టుకుంది.

దూదిలో చుట్టి మందుసీసాలో దాచిన కార్బైడు ఎండ్‌మిల్లు ఒక్కటే మిగిలింది. అది స్టీలుకంటే గట్టిది, ఎంత వేడెక్కినా అంచు పోదు, కానీ మిషను వణికితే పుటుక్కున విరుగుతుంది. మా మిషనేమో వణక్కుండా తిరిగిన రోజే లేదు. ఇది విరిగితే ఇక రాట్నం లేనట్టే. నాన్న పెరట్లోకి వెళ్ళి, "రావే అమ్మా, నువ్వు కడగనిది ఇదొక్కటే దొరికింది, ఎదురుగా కూర్చుని చూద్దువుగాని" అని ఆవిణ్ణి నవ్వించి తీసుకొచ్చాడు.

వేడి మీద చల్లటిది పడితే కార్బైడు పగుల్తుందని కూలెంటు కట్టేశాడు. ఒక్కసారిగా లోతుకి దించకుండా, పైపైన పొరలు పొరలుగా చెక్కుతూ పోయాడు. ఉక్కు రజను నీలంగా మారి రాలుతోంది. మిషను గుర్రుమన్నప్పుడల్లా నాయనమ్మ నా చెయ్యి నొక్కేసేది. చివరికి నాన్న మిషను ఆపి, ఇనుపముక్కని కొత్త గాడిలో పెడితే చక్కగా కూర్చుంది. అప్పుడడిగింది నాయనమ్మ, "పెసరట్టేమన్నా మిగిలిందటే?" అని.

సాయంత్రం కొంగు నడుముకి బిగించి, చెక్కగుర్రం ఎక్కి, కాసేపు కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచాక ఇక పట్టపగ్గాల్లేవు. దిగమంటే దిగదే. "ఒరే, ఇంకోసారి తిప్పించరా" అని నాన్నని కేకేస్తుంటే, అంత ఆనందం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

వసారా పోయి అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. నాన్నా లేడు, నాయనమ్మా లేదు. మందుసీసాలో ఆ కార్బైడు కట్టరు మాత్రం నా దగ్గరుంది. ఇవాళ దాన్ని తీసి కుందుల పక్కన పెట్టానో లేదో, మా అమ్మాయి, "జిడ్డుగా ఉందేంటమ్మా, తోమేస్తానుండు" అంటూ చింతపండు పళ్ళెంలో వెయ్యబోయింది. చటుక్కున లాక్కున్నాను. నాయనమ్మ ఉండి ఉంటే, నాకంటే ముందు తనే లాక్కునేది.